కంచం మధ్యలో పేరు

పూర్ణా మార్కెట్లో నాది స్టీలు సామాన్ల షాపు. కొన్న గిన్నెల మీద పేర్లు కూడా నేనే కొడతాను. నిన్న మా ఊరి గంగాధరరావు వచ్చి ఒకే ఒక్క కంచం కొన్నాడు.

“ఏటి బావా, ఎవరి పెళ్ళికి?” అన్నాను.

“పెళ్ళేటి? రూములో ఆరుగురం. కంచాలు మారిపోతన్నాయి. ‘శ్రీసత్య’ అని కొట్టు.”

“ఆరుగురు మగోళ్ళ మధ్య ఆడపిల్ల పేరేటి?” నవ్వాను.

“మా పాప. మల్కాపురంలో అద్దె పెంచీసినారు. కట్టలేక తల్లీకూతుళ్ళని అత్తోరింటికి పంపీసినాను.”

కంచం అంచు మీద మిషను ఆనించాను. చెయ్యి పట్టుకున్నాడు.

“అంచున కాదు బావా, నడిమధ్యన కొట్టు.”

“అన్నం వడ్డిస్తే పేరు కనబడదు కదా?”

“మొత్తం తినీసాక కనబడతాది. ఈ మధ్య సగంలోనే లేచిపోతన్నాను.”