కళ్లద్దాల్లో లేని తీగ

చెరువు ఎండి పదేళ్లయింది. అయినా ప్రతి ఆదివారం పట్నం వాళ్లు సైకిళ్లేసుకుని దాని చుట్టూ ఉన్న కంకరదారికి వస్తారు. వాళ్లు పెట్టుకునే కంప్యూటర్ కళ్లద్దాల్లో చెరువు నిండుగా ఉంటుంది. గట్టు దిగితే ద్రాక్షతోటలు కాసి ఉంటాయి.

రైతు నర్సింలు ద్రాక్షతోట ఆ దారికిందికే పోయింది. మలుపులో ఒక్క తీగ మాత్రం మిగిలింది. నిన్న ఒకతను దానికి తగిలి పడ్డాడు.

"పెద్దయ్యా, అద్దాలల్ల ఆడ ఖాళీ జాగ ఉంటది. నీ తీగ వాళ్లకు కండ్లవడదు," అంది దారి చూసుకునే రజిత. "ఇయ్యాల తీసెయ్యాలె."

"దీన్ని గూడ అద్దాలల్ల పెట్టరాదు బిడ్డా?"

"ఒక్కదానికోసం ఎవరు పెడ్తరు పెద్దయ్యా?"

"లేనియి వేలు పెట్టిండ్రు గద," అంది నర్సింలు భార్య అంతమ్మ.

రజిత రంపం తెచ్చి నర్సింలు చేతికిచ్చింది.

తీగ అప్పుడే చిగురుకొచ్చింది. నర్సింలు మొదలు దగ్గర రంపం పెట్టి కోశాడు. కోసినచోట నీళ్లు ఊరి కారసాగాయి. ఆ ఎండిన నేలలో ఎంత లోతుకు పోయి తెచ్చుకుందో, ఆగలేదు.

అంతమ్మ కింద కూర్చుని దోసిలి పట్టింది. చాలాసేపటికి నిండింది. పోయడానికి ఇంకో మొక్క లేదు.