గుట్ట దిగే బాట

బట్టల మిల్లు మూతపడి పన్నెండేళ్లయినా, మరమగ్గాల మోతకు పోయిన ఆమె వినికిడి మాత్రం తిరిగి రాలేదు. ఆ మోతలో పనిచేసిన వాళ్లందరిలాగే ఆమె, మిల్లులోనే ఫిట్టరుగా చేసిన ఆమె భర్త, పెదవుల కదలికను బట్టి మాటలు పోల్చుకునేవాళ్లు.

మోకాళ్లకు నడక మంచిదని డాక్టరు చెబితే ఆ సాయంత్రం ఇద్దరూ ఊరి వెనక గుట్ట ఎక్కారు. దిగుతుండగా చీకటి పడింది. సగం దారిలో వెనకొస్తున్న ఆమె ఆగిపోయింది. ఆయన ఆమె వైపు తిరిగి, తన పెదవులు కనపడాలని టార్చి తన మొహం మీదే వేసుకున్నాడు.

“ఏమైందే? కాలు పట్టేసిందా?”

ఆమె ఆయన్ని చూడలేదు. ఆయన భుజం మీదుగా, కిందికి పోయే బాట వైపు చూస్తూ తల ఊపుతోంది.

ఆమె గడ్డం పట్టి తన వైపు తిప్పుకున్నాడు. “ఎవరున్నారే అక్కడ?”

“మన మగ్గాల షెడ్డువాళ్లేనండీ. ఎన్నాళ్లయిందో చూసి!”

ఆయన ఒళ్లు జలదరించింది. ఆ షెడ్డు పైకప్పు కూలిన రాత్రి బతికి బయటపడింది ఆమె ఒక్కతే. చెవులు రిక్కించి విన్నాడు. వెనక అడుగుల చప్పుడు లేదు. కీచురాళ్లు కూడా ఉన్నట్టుండి ఆగిపోయాయి.

టార్చి ఆమె మొహం మీదికి తిప్పాడు. మగ్గాల మధ్య మాట్లాడుకున్నట్టే, గొంతు లేకుండా ఆమె పెదవులు మాత్రం కదులుతున్నాయి.

“ఈయన్ని వదిలెయ్యండి. నేనొస్తాను.”

ఆయన ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. వెనక్కి తిరగడానికి ధైర్యం చాలలేదు. ఇంటికి పోవాలంటే ఆ బాట తప్ప మరో దారి లేదు.