ఒక్క రింగుకే

పలాస మొత్తం మీద ఫ్యాక్సు కావాలనే మనిషి ఒక్కడు మిగిలాడు. ఆ ఒక్కడూ తన నెత్తినే పడ్డాడని కంప్యూటర్లు బాగుచేసే లోకనాథ్‌కి ఒళ్ళు మండిపోతోంది.

ఆ మనిషి జీడి ఫ్యాక్టరీ యజమాని జగదీశ్వరరావు. జపానులో ఆయన పప్పు కొనే కంపెనీ ఒకటుంది. సంతకం, స్టాంపు వేసిన కాగితం ఫ్యాక్సులో వస్తే తప్ప సరుకు తీసుకోదట. అంత పెద్ద దేశానికి ఈమెయిలు చూసుకోవడం రాదు కాబోలు. ఈయన ఫ్యాక్సు మిషను చూస్తే పోయిన నెలే చచ్చింది.

"కొత్తదెందుకు బాబూ, పాత కంప్యూటరుకి లైనక్సు ఎక్కించి, టెలిఫోను తీగ మోడెంకి తగిలిస్తే అదే పంపుతాది, అదే అందుకుంటాది" అని లోకనాథే గొప్పలు పోయాడు. ఇప్పుడు పొద్దున్నుంచి ఫ్యాక్టరీ ఆఫీసులో ఆ డబ్బా ముందు కూర్చుని అనుభవిస్తున్నాడు.

"ఏరా లోకనాథూ, ఎందాకా వచ్చింది?"

"మీ లైనే బాగోలేదు బాబూ. డయల్ టోను ఉందంటే మోడెం నమ్మటం లేదు."

"నమ్మకపోడమేటి? తుఫానుకి సెల్లు టవర్లన్నీ పడిపోతే మోగింది ఇదొక్కటే. ముప్పయ్యేళ్ళుగా ఇదే నంబరు. నీది ఎన్నిసార్లు మారింది?"

లోకనాథ్ తీగ పీకి మళ్ళీ గుచ్చాడు. ఆఫరు మారినప్పుడల్లా సిమ్ము మార్చిన మాట నిజమే. రెండేళ్ళుగా మాత్రం మార్చలేదు.

రెండేళ్ళుగా అతని భార్య దేవి పేరు విశాఖలో ఒక ఆసుపత్రి జాబితాలో ఉంది. వారానికి మూడు రోజులు డయాలసిస్. కిడ్నీ దొరికిందని ఫోను వస్తే గంటలోపు బయల్దేరుతున్నామని చెప్పాలి. చెప్పకపోతే అది తర్వాతి పేరుకు పోతుంది. దరఖాస్తు దేవే నింపుకుంది. ఆరేసి పేజీల ఫారాలు చదివేది పనిలేనివాళ్ళని లోకనాథ్ నమ్మకం. చివర్న సంతకం గీకి ఊరుకున్నాడు.

పోయిన వారం ఆమె పేరు జాబితాలో మొదటికొచ్చింది. అప్పట్నుంచీ అతను సెల్లు ఎడమచేతిలోంచి దించడం లేదు. బయటికి ఎంత ఎగిరినా లోపల అతనికి భయంగానే ఉంది.

"దేవికి ఎలగుంది?" అన్నారు జగదీశ్వరరావు. జబ్బు ముదిరేదాకా దేవి ఈ ఫ్యాక్టరీలోనే పప్పు ఏరేది.

"అలగే ఉంది బాబూ" అని లోకనాథ్ తెర వైపు తిరిగాడు. టోను కోసం చూడకుండా నంబరు నొక్కెయ్యమని మోడెంకి ఆజ్ఞ రాశాడు. ఈసారి లొంగింది. జపానుకి కాగితం వెళ్ళిపోయింది.

ఇక అందుకోవడం. ఎన్నో రింగుకి ఎత్తాలని కంప్యూటరు అడిగింది.

"నాలుగు రింగులు ఆగమను. మనిషెవరైనా సేత్తే ఈలోగా నానెత్తుకుంటాను" అన్నారు జగదీశ్వరరావు.

"ఈ రోజుల్లో ల్యాండులైనుకి మనిషెవడు సేత్తాడు బాబూ? లోను కావాలా అని అడిగేవోళ్ళు తప్ప."

"అలగనకు. మా దగ్గర పనిసేసినోళ్ళకి ఇదే పీపీ నంబరు. పిల్ల పుట్టినా, ముసిలోళ్ళు పోయినా కబురు దీనికే వచ్చీది. నానే పిలిచి సెప్పీవోణ్ణి."

పీపీ నంబరట. లోకనాథ్‌కి నవ్వాగలేదు. తలెత్తి చూస్తే ప్రతివాడి చేతిలో రెండు సిమ్ముల ఫోను, ఈయనింకా ఊరికి కబుర్లు మోసే రోజుల్లోనే ఉన్నాడు. పెద్దాయన భోజనానికి వెళ్ళగానే నాలుగు తీసేసి ఒకటి కొట్టాడు. గరగర వస్తోందని టెలిఫోను కూడా పీకి బీరువా మీద పెట్టేశాడు.

పన్నెండు దాటాక మొదటి రింగు వచ్చింది. మోడెం టక్కున అందుకుని కీచుమంది. ‘అవతల ఫ్యాక్సు లేదు’ అని తెర మీద పడింది.

"లోను గాడు" అనుకున్నాడు లోకనాథ్.

పది నిమిషాలకి మళ్ళీ. మళ్ళీ కీచు. సిగ్గులేని జాతి అని తిట్టుకున్నాడు. మూడోసారికి తమాషా చూద్దామని మోడెం స్పీకరు పెంచాడు. కూతల మధ్య ఒక ఆడగొంతు హలో, హలో అంటోంది.

"మీ లోను మాకొద్దు తల్లీ, ఎల్లిరా" అన్నాడు తెరకేసి చూస్తూ.

నాలుగోసారి తల కూడా ఎత్తలేదు. ఆ తర్వాత ఆ గొంతు మళ్ళీ రాలేదు. చేతిలో సెల్లు చూసుకున్నాడు. సిగ్నలు నిండుగా ఉంది, ఛార్జింగు నిండుగా ఉంది, ఫోను ఒక్కటీ రాలేదు.

మూడింటికి జగదీశ్వరరావు వచ్చారు. "అందుకుంటందేటి?"

"ఫ్యాక్సొత్తే కదా బాబూ తెలిసేది. లోను వోళ్ళు నాలుగుసార్లు తల బాదుకుని పోయారు."

"ఏటన్నారు?"

"ఏటంటే ఏటి? దీనికి మనిషి మాటతో పనిలేదు."

అంతలో రింగు వచ్చింది. ఈసారి అవతల నుంచి కూడా కూత వినిపించింది. రెండు కూతలూ కలిశాయి. ప్రింటరు కదిలి, కాగితం మెల్లగా బయటికొచ్చింది. లోకనాథ్ లాగి, చదవకుండానే దర్జాగా అందించాడు.

"తీసుకోండి బాబూ, మీ జపాను."

జగదీశ్వరరావు కళ్ళజోడు పెట్టుకుని చదివారు. బీరువా మీదున్న టెలిఫోను వైపు ఒకసారి చూశారు. తర్వాత కాగితాన్ని లోకనాథ్ చేతికే తిరిగి ఇచ్చారు.

"పేషెంటు దేవి దరఖాస్తులో రాసిన ఈ పీపీ నంబరుకి నాలుగుసార్లు ఫోను చేసినా ఫ్యాక్సు కూత తప్ప మనిషి పలకలేదు కనుక, కిడ్నీని జాబితాలో తర్వాతి పేరుకు ఇచ్చేశాం" అని ఉంది అందులో.