ఎర్ర చేతుల చొక్కా

"నల్లది వద్దంటే వద్దు" అన్నాడు నరసింహులు.

బల్ల మీద పరిచిన నల్ల చొక్కాను కూతురు దివ్య వదల్లేదు. "నాయనా, మా సునీత మేడం నల్లదే తెమ్మనింది. జట్టంతా ఒకే రంగు ఉండాలంట. ఎవురన్నా వేరే రంగు వేసుకొనొస్తే ఆడనీయకుండా కూర్చోబెడతాదంట."

మార్కాపురం బజారులో ఆటల సామాన్ల దుకాణం నడిపే మాలకొండయ్య ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మర్నాడే కాలేజీ గ్రౌండులో దర్శి ఊరి అమ్మాయిలతో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్. అదేం ఆటో ఊళ్లో సగం మందికి అర్థం కాలేదు. పేరు ఫుట్‌బాలు, బంతిని మాత్రం చంకలో పెట్టుకుని పరిగెత్తుతారు. సునీత మేడం తన జట్టును మొత్తం కొనకనమిట్ల చుట్టుపక్కల మందలున్న ఇళ్లలోంచే ఏరుకుంది. గొర్రెల వెంట పరిగెత్తిన పిల్లలకు ఇదొక లెక్కా అని ఆమె ధీమా. హెల్మెట్లు, ప్యాడ్లు, పొట్టి చేతుల జెర్సీలు ఆమే తెప్పించింది. వాటి లోపల ఒంటికి అతుక్కునేలా వేసుకునే నిండు చేతుల చొక్కా మాత్రం ఎవరిది వాళ్లే కొనుక్కోవాలి. దాన్ని బేస్ లేయర్ అంటారట.

"నూలుది లేదా?" అని అడిగాడు నరసింహులు.

"నూలుది పనికిరాదన్నా. చెమటంతా పీల్చుకొని బరువెక్కుతాది. ఇదైతే చిటికెలో ఆరిపోతాది."

"మరి ఇంత బిగుతేంది? రెండు సైజులు పెద్దది ఇయ్యి. వచ్చే ఏడాదికి గూడా పనికొస్తాది."

దివ్య తల కొట్టుకుంది. "వదులైతే ప్యాడ్ల కింద ముడతలు పడి ఒళ్లంతా ఒరుసుకుపోతాది నాయనా!"

నరసింహులు దానికి ఒప్పుకున్నాడు. నూలు కాకపోయినా సరే అన్నాడు. రంగు దగ్గర మాత్రం మొండికేశాడు. మాలకొండయ్యకు తల గోక్కోవడమే మిగిలింది.

"మొక్కేమన్నా ఉందా అన్నా?"

"లేదు."

"జాతకంలో నలుపు పడదా?"

"జాతకమూ లేదు, ఏమీ లేదు. నల్లది కాకుండా నీ కాడ ఏముంది?"

"ఎరుపొక్కటే ఉంది."

"అదియ్యి."

"నిన్నటి నుంచి ఏందో నాకేమీ అర్థం కావడంల్యా అన్నా. ఈ ఎరుపు..."

"అమ్మేదానికి పెట్టుకున్నావా, దాచుకునేదానికా?" అని కసిరాడు నరసింహులు. మాలకొండయ్య నోరు మూసుకున్నాడు. నోటిదాకా వచ్చిన బేరాన్ని చెడగొట్టుకునేంత అమాయకుడేం కాదు అతను.

దివ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇన్ని దినాలు ఎండలో పడి నేర్చుకున్నా. రేపు కూర్చోమంటే నా బతుకేం గావాల?" అని విసురుగా మెట్లు దిగి జనంలో కలిసిపోయింది.

నరసింహులు గడప మీదికి వచ్చి, నాలుక మడిచి "ట్ర్ర్ర్... హోయ్!" అని కేక పెట్టాడు. దారి తప్పిన మందను వెనక్కి తిప్పే కేక అది. ఆటోల వాళ్లు తలలు బయటపెట్టి చూశారు. దివ్య కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి, తల వెనక్కి తిరిగింది. సిగ్గుతో చచ్చిపోయింది పాపం.

"నడిబజార్లో ఏంది నాయనా అది!"

"ఇట్ల రా, చెప్తా." ఆమెను మెట్టు మీద కూర్చోబెట్టుకున్నాడు. "మొన్న మీ ప్రాక్టీసు చూసేదానికి వచ్చినా. హెల్మెట్లు పెట్టినాక అందరూ ఒకే మాదిరుండారు. ఒక పాప ఎల్లకిలా పడింది. నువ్వేననుకొని పరిగెత్తిపోయి ఎత్తుకున్నా. చూస్తే వేరేవోళ్ల బిడ్డ."

"వీపు మీద నంబరుంటాది గదా."

"కుప్పగా పడినాక వీపు యాడ కనబడతాది? చేతులే గదా బయటికి వచ్చేది. మన గొర్రెలకు ఎర్ర రంగు ఎందుకు పూస్తాం? ఎంత దూరానున్నా ఇది నాదని తెలిసేదానికే గదా. పడింది నా బిడ్డో కాదో తెలీకుండా గట్టున కూర్చోవడం నా వల్ల కాదమ్మా."

దివ్య లేచింది. లోపలికి వెళ్లి ఎర్రదే తీసుకుంది.

మర్నాడు చేతులను చున్నీలో దాచుకుని గ్రౌండుకు చేరింది. అప్పటికే జట్టంతా సునీత మేడం ముందు తలలు వంచుకుని నిలబడి ఉంది. వెతికినా ఒక్క నల్ల చెయ్యి లేదు. అన్నీ ఎర్రవే.

"నేను చెప్పిందేంది, మీరు తెచ్చిందేంది?"

"మా నాయన ఇనలేదు మేడం" అంది గోపిక.

"మా నాయన గూడా" అంది శివకుమారి.

మేడం నుదురు కొట్టుకుంది. "సరే పోండి. ఒకే రంగులో ఉండారు కదా, ఆడండి" అని హెల్మెట్లు పంచింది. ఇదెలా జరిగిందో ఆమెకు మాత్రం అంతుపట్టలేదు. దివ్య ఎగిరి గంతేసి మైదానంలోకి పరిగెత్తింది.

గట్టు మీద కూర్చున్న తండ్రుల పరిస్థితి మరీ అయోమయం.

"నీ బిడ్డ యాది అన్నా?" అని పక్కాయన్ని అడిగాడు నరసింహులు.

"అదిగో, ఎర్ర చేతులది..." అని చూపించబోయిన ఆయన వేలు గాల్లోనే ఆగిపోయింది.

ఆట మొదలైన కాసేపటికే బంతి మీద అందరూ కుప్పగా పడ్డారు. ఎటు చూసినా ఎర్ర చేతులే. నరసింహులు మెడ చాచి చూశాడు. నంబరన్నా అడిగి పెట్టుకోనందుకు తనను తానే తిట్టుకున్నాడు. ఈల మోగింది. ఒక్కొక్కరే లేచి దుమ్ము దులుపుకుంటున్నారు. అందులో దివ్య లేచిందా, లేదా? ఇక ఉండబట్టలేక లేచి నిలబడ్డాడు. నాలుక మడిచి, గొంతంతా పెట్టి ఆ కేక పెట్టాడు.

ఎర్ర చేతులవాళ్ల పదకొండు హెల్మెట్లూ ఒక్కసారిగా అతని వైపు తిరిగాయి.