పిడుగు పడని ఇంటిపేరు

మధ్యాహ్నంలోగా కిను చేయాల్సిన పనులు ఐదు. నాలుగోసారి కుబుసం విడిచి ఆవురావురుమంటున్న పట్టుపురుగులకు మేత వేయాలి. వాన పడకముందే గట్టు మీది మల్బరీ ఆకు కోయించాలి. తడి ఆకు తింటే పురుగు చస్తుంది. పక్కింటి ముసలమ్మ తట్టలు తిరిగిచ్చేయాలి. కాళ్లు కడుక్కోవాలి. ఒక ఇంటిపేరు సంపాదించాలి.

మొదటి నాలుగూ ఏటా ఉండేవే. ఐదోదే కొత్తగా నెత్తిన పడింది. అది మెయిజీ చక్రవర్తి ఏలుబడిలో ఎనిమిదో ఏడు. అంతకుముందు రైతు ఇంటిపేరు చెప్పుకుంటే తప్పు. ఇప్పుడు లేకపోతే తప్పు. సర్కారు బుర్ర సర్కారుది.

కూతురు హత్సుని ఆకు కోతకు గట్టెక్కించి, కిను ఊరిపెద్ద దెంబే ఇంటికి పరుగెత్తింది. అప్పటికే అరుగు నిండా జనం. జిల్లా నుంచి వచ్చిన గుమాస్తా దస్త్రం తెరిచి కూర్చున్నాడు. పక్కన దెంబే, చేతిలో ముద్ర.

"నీ ఇల్లెక్కడ?" గుమాస్తా ముందు నిలబడ్డవాణ్ని అడిగాడు.

"ఏటి పక్కనండీ."

"అయితే కవాబే, ఏటి ఒడ్డు. తర్వాత ఎవరు?"

"నాకు కువాబారా కావాలండీ."

"ఊరందరికీ అదే కావాలి. జరుగు."

కువాబారా అంటే మల్బరీ తోట. ఊరి పేరూ అదే, దెంబే ఇంటిపేరూ అదే. వెనకటికి ఉరుముల దేవుడు కాలు జారి దెంబే పూర్వీకుల బావిలో పడ్డాడట. ఆ ఇంటి ఇల్లాలు గబుక్కున మూత పెట్టేసిందట. 'నీ ఇంటి వాళ్ల జోలికి రాను తల్లీ, మూత తియ్యి' అని దేవుడు కాళ్లబేరానికి వచ్చాడట. అందుకే ఉరుము వినబడితే చాలు, జనం 'కువాబారా, కువాబారా' అని జపిస్తారు. పిడుగులకు పుట్టిల్లయిన ఆ జోషూ సీమలో అలాంటి పేరు ఉచితంగా దొరుకుతుంటే వదులుకునే వెర్రివాడెవడు?

కిను వంతు వచ్చింది.

"కువాబారా," అంది.

దెంబే పొగాకు గొట్టం దులిపాడు. "అది రక్తంలో ఉండాలి కినూ. దేవుడు మాటిచ్చింది మా వంశానికి."

"ఊరి పేరు కూడా అదేగా?"

"మా ఇంటిని బట్టే ఊరికి ఆ పేరు."

"ఓహో! అయితే మల్బరీ మొక్కలు మీ తాతగారి అనుమతి తీసుకుని మొలిచాయన్నమాట."

అరుగంతా ఘొల్లుమంది. గుమాస్తా నవ్వు దాచుకోవడానికి దగ్గాడు. "చట్టప్రకారం ఏ పేరైనా రాయొచ్చు. ఊరిపెద్ద ముద్ర పడాలంతే."

"పడదు," అన్నాడు దెంబే.

"నా మొగుడు మూడేళ్ల కిందట ఆ గట్టు మీదే పిడుగుపాటుకి మాడిపోయాడు," అంది కిను. ఇప్పుడామె గొంతులో వెటకారం లేదు. "ఈ రోజు నా పిల్ల అదే గట్టు మీదుంది. మీ పేరేమైనా అరిగిపోతుందా పెద్దయ్యా?"

దెంబే తల దించుకున్నాడు. "పేరు తప్ప ఏదైనా అడుగు."

కినుకు ఒళ్లు మండింది. తన మొగుడు తొమేకిచి ఈ ఇంట్లో పట్టు తీసిన పనిమనిషి కొడుకు. ఆ అభిమానం కొద్దీ అతను పోయినప్పుడు కర్మకాండలన్నీ దెంబేనే దగ్గరుండి జరిపించాడు. అప్పుడంత ధారాళంగా ఇచ్చిన చెయ్యి, ఇవాళ ఒక ముద్ర గుద్దడానికి వెనకాడుతోంది!

అంతలో ఆకాశం ఫెళ్లుమంది. "కువాబారా, కువాబారా!" అంటూ జనం బొడ్డు మూసుకుని తలోదిక్కుకీ ఉరికారు. ఉరుముల దేవుడికి బొడ్లంటే మహా ఇష్టమని ఆ సీమలో నమ్మకం. గుమాస్తా చదువుకున్నవాడు కాబట్టి దస్త్రంతో మూసుకున్నాడు.

కిను గట్టు వైపు పరుగు తీయబోయింది. వాకిట్లోనే హత్సు ఎదురైంది. దాని రెక్క పట్టుకుని దెంబే భార్య షినో ఆయాసపడుతోంది.

"మబ్బు పట్టగానే మీ పెద్దయ్య నన్ను తరిమాడే! ఈ వయసులో గట్టెక్కించాడు, వాడి పొగాకు గొట్టం పగలా!"

"సగం బుట్టే కోశానమ్మా," అంది హత్సు బిక్కమొహంతో.

సగం బుట్ట! పురుగులు పస్తే! కిను దెంబే కోసం ఇల్లంతా వెతికింది. ఆయన లోపలి గదిలో దోమతెర కింద ముడుచుకుని ఉన్నాడు. దోమతెరలోకి పిడుగు రాదంటారు. రెండు చేతులూ బొడ్డు మీదే ఉన్నాయి.

కిను తెర ఎత్తి లోపలికి దూరింది. "దేవుడు మాటిచ్చిన వంశమేగా! దోమతెరెందుకు మీకు?"

"మెల్లగా మాట్లాడు."

"మాట్లాడను. ఆ పేరే ఉంటే నా పిల్ల ఉరుముల్లో కూడా నిక్షేపంగా బుట్ట నింపుకునేది. ఇచ్చేదాకా ఈ తెరలోంచి కదలను. ఊరు ఏమనుకున్నా సరే!"

దెంబే మొహం పాలిపోయింది. "అదే నా భయం. పేరుంది కదా అని పిల్లని పిడుగుల్లో నిలబెడతావు."

"నిలబెడతాను. ఏం, మీ దేవుడు మాట తప్పుతాడా?"

బయట మళ్లీ ఉరిమింది. దెంబే ఒక చేత్తో ముద్ర తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"వెళ్లి గుద్దించుకో. ఆ పేరు నీకు నేనిచ్చేదేం కాదు, ఎప్పుడో నీదే. కానీ ఉరిమినప్పుడు మాత్రం పిల్లని గట్టెక్కించకు."

"నాదా? ఎలా?"

ఆయన చేతులు రెండూ బొడ్డు వదిలి, ఆమె ముందు జోడించుకున్నాయి.

"తొమేకిచిని గుర్తు తెచ్చుకో మరదలా, పిడుగుకి మాడిపోయిన వాడు మా నాన్న కొడుకే."