తమ్ముడికి తెలిసిన నంబరు

"నంబరు మార్చారంటే ఊరుకోను, చెప్తున్నా!"

కుట్టు మిషన్ మీద నుంచి లేవకుండానే అక్క నెట్ మెకానిక్ మీద విరుచుకుపడింది. పాపం, అతను ఇంకా చెప్పులైనా విడవలేదు.

"నేను మార్చలేదమ్మా, పొద్దున్నే కంపెనీవాళ్ళు మార్చేశారు. ఇదివరకు ఇంటింటికీ ఒక నెట్ నంబరు ఉండేది. ఇప్పుడు వీధి మొత్తానికీ కలిపి ఒకటే."

"అయితే మా తమ్ముడు నన్నెలా వెతుక్కుంటాడయ్యా?"

తమ్ముడిది ఓడల మీద ఉద్యోగం. మహా మొండిఘటం. ఫోన్లో యాప్‌లంటే అస్సలు గిట్టదు. అక్కాతమ్ముళ్ళ మాటలు కంపెనీవాళ్ళ చేతుల్లో ఎందుకని మిషన్ పక్కన ఒక డబ్బా, దానికో చిన్న స్క్రీనూ, కీబోర్డూ బిగించి వెళ్ళాడు. ఓడలో ఉన్న వాడి డబ్బా నేరుగా ఈ డబ్బాతోనే మాట్లాడుతుంది. మధ్యలో పెత్తనం చేసేవాళ్ళు ఎవరూ ఉండరు.

"నా నంబరు రేవు రేవుకీ మారిపోతుందక్కా. నీది మాత్రం మారనివ్వకు," అన్నాడు గుమ్మం దిగుతూ.

అప్పట్నుంచీ రోజూ చీకటి పడే వేళకి ఒకటే పలకరింపు. "అక్కా, తిన్నావా?"

మధ్యలో కొన్నాళ్ళు అదీ ఆగిపోయింది. అక్క మంచం పట్టింది. ఆఫీసు పనంటూ ఏదో రేవుకి వెళ్ళిన బావ కూడా వాచిన కళ్ళతో, జ్వరమంటూ తిరిగొచ్చాడు. ఇల్లంతా బావురుమంటూ ఉండేది. ఆ వారమే డబ్బా మళ్ళీ మోగింది. అక్క లేచి తల దువ్వుకుంది.

"ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది వెధవకి! మోకాలి నొప్పి తగ్గిందా అని కూడా అడుగుతున్నాడండీ. నేను చెప్పనే లేదు!" అని బావతో చెప్పుకుని మురిసిపోయింది.

అలాంటిది ఇవాళ ఈ గొడవ.

"ఎందుకే అంత కంగారు? వాడి పలకరింపు ఎక్కడికీ పోదులే," అన్నాడు బావ, వెనక గదిలోకి వెళ్తూ. రోజూ చీకటి పడే ఈ వేళకే ఆయనకి ఆఫీసు పని ఉంటుంది.

"మీకేం, మీ తోబుట్టువైతే తెలిసేది!" అని కసిరింది అక్క.

మెకానిక్ తీగలన్నీ చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇక్కణ్ణుంచి మీరు బయటికి వెళ్ళొచ్చమ్మా. బయటివాళ్ళే లోపలికి రాలేరు. వీధి మొదటిదాకా వచ్చినా, ఇన్ని ఇళ్ళలో మీదేదో వాళ్ళకి తెలీదు."

"ఒక్కడికి కూడా దారి లేదా?"

"పురుగు కూడా దూరదు. ఇంట్లోవాళ్ళు మాత్రం ఒకరికొకరు పంపుకోవచ్చు."

"మా నంబరు మాకు మళ్ళీ ఇవ్వరా?"

"అడిగి చూస్తానమ్మా. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేను."

అతను వెళ్ళిపోయాడు. అక్క మిషన్ ముందు కూలబడింది. సగం కుట్టిన జాకెట్టు మీద కన్నీళ్ళు టపటపా రాలాయి. ఏ రేవులో నిలబడి పిలుస్తున్నాడో, అక్క పలకలేదని ఎంత బెంగ పెట్టుకుంటాడో!

అంతలో డబ్బా మోగింది.

"అక్కా, తిన్నావా?"

ఒక్క ఉదుటున కీబోర్డు లాక్కుంది. "వచ్చావురా నాన్నా" అని కొట్టబోయింది. వేళ్ళు ఆగిపోయాయి. బయటివాళ్ళు లోపలికి రాలేరన్న మెకానిక్ మాట గుర్తొచ్చింది.

వెనక గదిలో కుర్చీ కిర్రుమంది.

అక్క కీబోర్డు పక్కన పెట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆ గది వైపు తిరిగి, "ఇంకా తినలేదండీ, మీరూ రండి," అంది.