గుమ్మం కొలత

పెళ్లాం అడగ్గా అడగ్గా, వడ్రంగి పడగ్గదిలోనే ఆమెకు మగ్గం చేసిపెట్టాడు. ఊడదీసే వీల్లేకుండా అతుకులన్నీ బంకతో బిగించాడు.

అతను పనికి వెళ్లగానే ఆమె అక్కను బండి తీసుకుని రమ్మంది. "ఈ మగ్గం చాలక్కా, నా బతుకు నేను బతుకుతాను. ఇక ఈయన చేతి దెబ్బలు తినను."

ఇద్దరూ మగ్గాన్ని నిలువుగా తిప్పారు, పక్కకు వాల్చారు. బెత్తెడు తేడాతో గుమ్మం దాటనంది.

అంతలో అతను తిరిగొచ్చాడు.

"చేయి తిరిగిన వడ్రంగివి, కొలత తప్పావేం మరిదీ?" అక్క నవ్వు తెచ్చిపెట్టుకుంది.

"తప్పలేదొదినా. ముందు గుమ్మం కొలిచాను, ఆ తర్వాతే కర్ర కోశాను."

మగ్గాన్ని గదిలోకి నెట్టి, పెళ్లాంతో మెత్తగా అన్నాడు. "కూర్చో. నేద్దువుగాని."